లెక్క చూపండి, ముఖం చూపించకండి

ఎవరూ రానివారికి ప్రజల సొమ్ముతో అంత్యక్రియలు జరిపించే స్థానిక సంస్థల పాలకవర్గాలకు, కమిషనర్లకు, ఆరోగ్య విభాగాల అధికారులకు,

నమస్కారం.

మా కింది పోర్షన్‌లో పదకొండేళ్లు ఒంటరిగా ఉన్న ఒకావిడ ఈమధ్యే ఆసుపత్రిలో పోయారు. ఆవిడ అంత్యక్రియలు మీలాంటి ఒక కార్యాలయమే చేయించింది. ఆ కార్యాలయం పేరు ఇక్కడ రాయను. ఆవిడ పేరు అసలే రాయను. ఒక్క ఆఫీసు తప్పయితే నేనే వెళ్లి అడిగి వచ్చేదాన్ని. కానీ ఆ రోజు అక్కడున్న ఉద్యోగి నాతో ఒక మాటన్నాడు, "ఎక్కడైనా ఇదే పద్ధతి మేడం" అని. అందుకే మీ అందరికీ రాస్తున్నాను.

అంత్యక్రియలకు నలుగురం వెళ్లాం. బండి నడిపినతను, మోసిన ఇద్దరు మనుషులు పని చాలా మర్యాదగా చేశారు. దింపేటప్పుడు తల ఒక పక్కకి వాలితే, అందులో ఒకతను చెయ్యి అడ్డుపెట్టి నెమ్మదిగా సరిచేశాడు. ఆ చెయ్యి నాకు ఇంకా గుర్తుంది. అంతా అయిపోతోందనగా కుర్ర ఉద్యోగి ఒకతను, "ఒక్క నిమిషం ఆగండి, బిల్లుకి ఫోటో పెట్టాలి" అని ముఖం మీది దుప్పటి కిందికి లాగాడు. అట్టముక్క మీద మార్కర్‌తో పేరు, వయసు, ఇంటి నంబరు, తేదీ రాసి ఆవిడ గుండెల మీద పెట్టాడు. మొదటి ఫోటో సరిగ్గా రాలేదు. రెండోది తీశాడు. మళ్లీ దుప్పటి కప్పాడు.

ఆవిడ బట్టలు కుట్టేవారు. ఎవరు తలుపు కొట్టినా "ఒక్క నిమిషం తల్లీ" అని లోపలికి వెళ్లి, జుట్టు సరిచేసుకుని, అప్పుడు తలుపు పూర్తిగా తీసేవారు. పదకొండేళ్లలో ఆవిడని చెదిరిన జుట్టుతో నేను చూడలేదు. ఇంకో సంగతి చెప్పాలి. ఆవిడ దగ్గర నీలం అట్ట వేసిన ఒక కొలతల పుస్తకం ఉండేది. మీరు ఎదురుగా ఉండగా మీ పేజీ తప్ప ఇంకో పేజీ తీయరు. పాత కొలత వెతకాలన్నా పుస్తకం తనవైపు తిప్పుకుని వెతికేవారు. ఒకసారి నేను సరదాకి మా వదినగారు లావయ్యారా అని అడిగితే, "ఒకరి కొలత ఇంకొకరికి చెప్పకూడదమ్మా" అని మాట మార్చేశారు.

ఆ మనిషి ముఖం, కళ్లు సగం మూసి, నోరు కాస్త తెరుచుకుని, జుట్టు చెదిరి, ఆ సాయంత్రానికి మా వీధి వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. ఎవరు పంపారో తెలియదు. అడిగితే అందరూ ఇంకెవరో పంపారనే అన్నారు. మర్నాటికి కార్యాలయం వాళ్ల పేజీలో పట్టిక కూడా పెట్టారు. పైన "ఈ నెలలో నిర్వహించిన అనాథ శవాల అంత్యక్రియలు" అని శీర్షిక. వరుస సంఖ్య, పేరు, వయసు, ఇంటి నంబరు, మరణ కారణం, ఖర్చు, పక్కన ఫోటో. చివరి గడిలో "బంధువులు ఎవరూ ముందుకు రాలేదు" అని.

మూడో రోజు నాకు ఫోన్ వచ్చింది. ఆవిడ తమ్ముడు. ఎవరి ద్వారానో నా నంబరు పట్టుకున్నాడు. "మా అక్కేనా అమ్మా అది?" అని అడిగాడు. అక్క పోయిందన్న సంగతి ఆయనకి చెప్పింది ఫార్వర్డ్ అయిన ఆ ఫోటోనే. రెండేళ్లుగా మంచం మీదున్న మనిషి ఆయన. "ముందుకు రాలేదని రాశారమ్మా. చెబితే కదా రావడానికి" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆవిడకి తమ్ముడున్నాడని నాకు తెలుసు, ఆసుపత్రిలో ఆ మాట చెప్పాను కూడా. నంబరు మాత్రం తెలియదు.

ఆరో రోజు రాత్రి కింది పోర్షన్ తాళం పగిలింది. ఆ ఇంటి నంబరులో ఇక ఎవరూ ఉండరని పట్టిక చూసిన ఎవరికైనా తెలిసిపోతుంది కదా. మిషను పట్టుకుపోయారు. పెట్టె బోర్లించారు. నీలం పుస్తకం మెట్ల మీద తెరిచి పడి ఉంది, మా వీధి ఆడవాళ్లందరి పేర్లూ కొలతలూ పైకి కనిపిస్తూ. తీసి మూయబోతుంటే చివరి పేజీ కనపడింది. పెద్ద పెద్ద అంకెలతో ఫోన్ నంబరు, పైన "తమ్ముడు" అని రాసుంది.

అంటే అంత్యక్రియలకి ముందు ఆ గది తాళం తీసి ఎవరూ చూడలేదు. వెతకాల్సిన చోట వెతకలేదు. చూపించకూడనిది మాత్రం ఊరంతటికీ చూపించారు.

అధికారులు ఇక్కడ ఏమంటారో నాకు తెలుసు. ప్రజల డబ్బు కాబట్టి ఆధారం ఉండాలి, ఫోటో లేకపోతే ఆడిట్‌లో అభ్యంతరం వస్తుంది. నిజమే. జరగని అంత్యక్రియలకి బిల్లు పెట్టేవాళ్లు ఉండొచ్చు. ఒక్క మనిషికి రెండుసార్లు బిల్లు పెట్టేవాళ్లూ ఉండొచ్చు. ఆ లెక్క గట్టిగా అడగాలనేవాళ్లలో నేనూ ఉన్నాను. అయితే ఆడిటర్‌కి కావాల్సింది మరణ నమోదు సంఖ్య, మార్చురీ నుంచి అప్పగించిన కాగితం, శ్మశానం రిజిస్టర్‌లో ఎంట్రీ, రసీదు. ఇవన్నీ ఒకదానితో ఒకటి సరిపోతే అంత్యక్రియలు జరిగినట్టే. ఫోటో తప్పనిసరి అనుకుంటే తీసి ఫైల్లో పెట్టండి, ఫైలు ఎవరు తెరిచారో రాసిపెట్టండి. ఉద్యోగి సొంత ఫోన్‌లో తీయడం దగ్గరే మొత్తం చెడుతోంది. ఆ ఫోన్‌లో ఆవిడ ముఖం ఇంకా ఉండి ఉంటుంది. అదే ఫోన్‌లో అతని పిల్లల ఫోటోల మధ్య.

ఈ నెలలో ఇంతమందికి చేశాం, ఒక్కొక్కరికి ఇంత అయింది, ఇన్ని రోజులు ఎదురుచూశాం, ఇంతమంది బంధువుల్ని వెతికి పట్టుకున్నాం అని ప్రజలకి చెప్పండి. ఇందులో పేరు ఎక్కడ అవసరం? మరణ కారణం ఎక్కడ అవసరం? మరణ కారణం అంటే ఆ మనిషికున్న జబ్బు. బతికుండగా ఆ రిపోర్టు మడతపెట్టి సంచిలో అడుగున పెట్టుకుని ఇంటికొచ్చిన మనిషి ఆవిడ.

"చనిపోయినవాళ్లకి ప్రైవసీ ఏంటండీ?" అని ఆ ఆఫీసులో ఒకాయన నన్ను అడిగారు. వెటకారంగా కాదు, నిజంగానే అడిగారు. చట్టం కూడా చాలాచోట్ల ఆయన పక్షానే ఉంది. 2018లో అమల్లోకి వచ్చిన యూరోపు డేటా రక్షణ నిబంధన చనిపోయినవారి వివరాలకి తాను వర్తించనని ముందే చెప్పేసి, కావాలంటే ఏ దేశానికి ఆ దేశం నియమం పెట్టుకోవచ్చని వదిలేసింది. డెన్మార్క్ అలాగే పెట్టుకుంది, చనిపోయాక పదేళ్ల దాకా రక్షణ ఉంటుందని. అమెరికాలో వైద్య రికార్డులకి 50 ఏళ్ల దాకా ఉంది. భారతదేశం 2023లో తెచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం, తాను పోయాక తన హక్కులు చూసుకోవడానికి ఒకరిని నామినీగా పెట్టుకోవచ్చని చెబుతుంది. మంచిదే. కానీ తలుపు వేసుకుని ఒంటరిగా బతికే మనిషి నామినీగా ఎవరిని రాస్తుంది? ఈ రక్షణ ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే అందకుండా పోయింది.

వైద్యులు మాత్రం ఈ విషయంలో మనకంటే ముందున్నారు. ప్రపంచ వైద్య సంఘం వారి జెనీవా ప్రతిజ్ఞలో, రోగి నాతో చెప్పుకున్న రహస్యాలని ఆ రోగి చనిపోయాక కూడా కాపాడతానన్న మాట 1968లో చేరింది. ఇంగ్లండులో 2007లో ఒక తల్లి, చనిపోయిన కూతురి వైద్య రికార్డులు కావాలని సమాచార హక్కు కింద అడిగితే, వైద్యుడు రోగికిచ్చిన మాట మరణంతో తీరిపోదని ట్రిబ్యునల్ తేల్చింది. కన్నతల్లికే అంత తేలిగ్గా ఇవ్వనిది, మీ పట్టికలో ఒక గడి గీసి దారిన పోయేవాళ్లకి ఇచ్చేస్తున్నారు.

కోర్టులూ పూర్తిగా చేతులెత్తేయలేదు. గౌరవంగా చూడబడే హక్కు బతికున్న మనిషితో ఆగదని, అతని మృతదేహానికీ ఉంటుందని భారత సుప్రీంకోర్టు 1995లోనే అంది. అత్యాచారానికి గురై చనిపోయిన మహిళ పేరు కూడా బయటపెట్టకూడదని, చనిపోయినవారికీ తమదంటూ ఒక గౌరవం ఉంటుందని 2018లో మళ్లీ చెప్పింది. ఇంగ్లండు, వేల్స్‌లలో 1984 నాటి ప్రజారోగ్య చట్టం 46వ సెక్షన్ కింద, ఎవరూ ముందుకు రాని మృతదేహానికి అంత్యక్రియలు చేయడం స్థానిక కౌన్సిల్ బాధ్యత. అందులో నాకు బాగా నచ్చిన ముక్క ఒకటుంది. దహనం ఆ మనిషి ఇష్టానికి విరుద్ధమని నమ్మడానికి కారణం ఉంటే దహనం చేయించకూడదు. పోయిన మనిషికి ఇష్టాయిష్టాలుంటాయని చట్టమే ఒప్పుకుంటోంది. ఒంటిని ఏం చేయాలన్న దగ్గర ఆ ఇష్టానికి విలువ ఉన్నప్పుడు, ముఖాన్ని, పేరుని, జబ్బుని ఏం చేయాలన్న దగ్గర మాత్రం ఎందుకు ఉండకూడదు?

పేర్లు అసలే ప్రకటించొద్దని నేను అనడం లేదు. ఇక్కడ నాకూ చాలా ఆలోచన పట్టింది. పేరు బయటికి రాకపోతే దూరంగా ఉన్న తమ్ముడికి తెలిసేదెలా? గుర్తు తెలియని మనిషైతే ఫోటో తప్ప దారిలేని సందర్భాలు కూడా ఉంటాయి. జపాన్‌లో 1899 నాటి చట్టం ఒకటి ఇప్పటికీ నడుస్తోంది. ఎవరో తెలియకుండా చనిపోయినవారి వివరాలు అక్కడ ప్రభుత్వ గెజిట్‌లో వేస్తారు: సుమారు వయసు, ఎత్తు, ఒంటి మీది బట్టలు, దగ్గరున్న వస్తువులు, ఎక్కడ, ఎప్పుడు దొరికారు అని. కావాల్సినవాళ్లు చదివితే ఫలానా రంగు కోటు మా నాన్నదేనని పోల్చుకోగలరు. పనిలేనివాళ్లకి అందులో చూడ్డానికి ఏమీ ఉండదు. అలాంటి ప్రకటనకి ఒక పని ఉంది, సొంతవాళ్లని వెతకడం. మా కింది పోర్షన్ ఆవిడ విషయంలో పేరు తెలుసు, ఇల్లు తెలుసు, ఇంట్లో నంబరు ఉంది. ఫోటో వేసింది ఎవరినీ వెతకడానికి కాదు, అంత్యక్రియలు అయిపోయాక పని చేశామని చూపించుకోవడానికి.

ఫోటో వల్లే కదా తమ్ముడికి తెలిసింది అని ఒకరిద్దరు నాతో అన్నారు. ఆయన అక్కని చివరిసారి చూసింది ఆ ఫోటోలోనే. తలుపు తాళం తీసి పుస్తకం చివరి పేజీ చూసుంటే ఒక్క ఫోన్ కాల్‌తో ఆ పని అయ్యేది, అదీ ముందే.

చిరునామా సంగతి వేరుగా చెప్పాలి. పోయినవాళ్ల ఆస్తికి వారసుల్ని వెతికిపెట్టి వాటా తీసుకునే సంస్థలు ఇంగ్లండులో ఉన్నాయి. ఇలాంటి అంత్యక్రియల జాబితాలు కావాలని అవి కౌన్సిళ్లని అడుగుతూనే ఉంటాయి. నిజంగా వారసులకి మేలు జరిగే సందర్భాలూ ఉంటాయి. అయినా చాలా కౌన్సిళ్లు ఇంటి చిరునామా ఇవ్వవు. ఖాళీ ఇల్లు దొంగల కంట పడుతుందని, పోయినవారి పేరుతో ఎవరో మోసాలు చేస్తారని, నేరాలు జరిగే ప్రమాదం ఉంటే సమాచారం ఆపొచ్చన్న మినహాయింపుని వాడుకుంటాయి. ఇది అతి జాగ్రత్త అని నేనూ అనుకునేదాన్నే, మా మెట్ల మీద పడున్న ఆ పుస్తకం చూడకపోతే.

ఇంత చెప్పాక ఒక భయం కూడా చెప్పుకోవాలి. రేపు మీరు ఈ ఉత్తరాన్నే అడ్డం పెట్టుకుని, చనిపోయినవారి ప్రైవసీ పేరు చెప్పి అన్ని తలుపులూ మూసేయొచ్చు. అలా జరిగిన చోటు ఉంది. న్యూయార్క్ దగ్గర హార్ట్ ఐలండ్‌లో 1869 నుంచి ఎవరూ తీసుకెళ్లని మృతదేహాలని పూడుస్తున్నారు. ఇప్పటికి పది లక్షలకి పైనే ఉన్నారక్కడ. ఎన్నో ఏళ్లు ఆ దీవి జైళ్ల శాఖ చేతిలో ఉండేది, ఖైదీలతో గోతులు తవ్వించేవారు. చచ్చిపోయి పుట్టిన బిడ్డని అక్కడ పూడ్చిన తల్లి ఆ గోతి దాకా వెళ్లాలన్నా కుదిరేది కాదు. కోర్టులో పోరాడితే 2015లో కుటుంబాలని సమాధుల దగ్గరికి వెళ్లనిచ్చారు. 2021లో గానీ దీవి జైళ్ల శాఖ నుంచి పార్కుల శాఖకి మారలేదు. అక్కడ దాచింది పోయినవాళ్ల గౌరవాన్ని కాదు, ప్రభుత్వం చేసే పనిని.

2020 ఏప్రిల్‌లో కోవిడ్ సమయాన అదే దీవిని డ్రోన్‌తో పైనుంచి తీసిన ఫోటోలు ప్రపంచమంతా చూసింది. పొడవాటి కందకం, అందులో వరసగా చెక్కపెట్టెలు. ఎవరి ముఖమూ లేదు, ఎవరి పేరూ లేదు. ప్రభుత్వం ఏం చేస్తోందో అందరికీ తెలిసింది, పెట్టెలో ఎవరున్నారో తెలియలేదు. మీరు వేసే పట్టికకి, ఫోటోకి ఇదే కొలతగా పెట్టుకోండని అడుగుతున్నాను. ప్రజలకి మీ పని కనపడాలి, పోయినవాళ్లు కనపడక్కర్లేదు. సొంతవాళ్లు వచ్చి అడిగితే మాత్రం అన్నీ చెప్పండి: ఎక్కడ, ఎప్పుడు, ఎవరు దగ్గరున్నారు, వస్తువులు ఏమయ్యాయి. ఆ తమ్ముడు ఫోన్ చేసి అడిగితే, "లిఖితపూర్వకంగా పెట్టుకోండి" అన్నారట మీవాళ్లు. వాట్సాప్‌లో ఊరందరికీ అడక్కుండా ఇచ్చిన వివరాలే అవి.

డబ్బున్న ఇంట్లో ఎవరైనా పోతే ఏ ఫోటో వేయాలి, ఎంత రాయాలి, జబ్బు పేరు చెప్పాలా, "స్వల్ప అస్వస్థతతో" అని ఊరుకోవాలా, ఇదంతా ఇంటివాళ్లు కూర్చుని అనుకుంటారు. ఇరవై ఏళ్ల కిందటి నవ్వుతున్న ఫోటో ఏరి వేస్తారు. ఎవరూ లేనివాళ్ల విషయంలో ఆ కూర్చుని అనుకునే మనుషులు మీరే. ఆ ఒక్క పూటకి వాళ్ల ఇంటివాళ్లు మీరు. మీ అమ్మగారి ఫోటో అయితే అట్టముక్క పెట్టి తీయనిస్తారా అని అడగాలని ఉంది. అడిగితే నొచ్చుకుంటారని తెలుసు, అయినా అడుగుతున్నాను.

"అనాథ శవం" అనే మాట కూడా దయచేసి మార్చండి. పట్టికలో, రిజిస్టర్‌లో, ప్రెస్ నోట్‌లో, అన్నిట్లో. మా కింది పోర్షన్ ఆవిడ అనాథ కాదు. ఆవిడ కుట్టిన బట్టలు వేసుకుని తిరుగుతున్నవాళ్లు మా వీధిలో ఇంటికొకరున్నారు. "బంధువులు ముందుకు రాలేదు" అన్న గడి తీసేయండి. రాలేకపోయినవాళ్లు, డబ్బు లేక సంతకం పెట్టి మీకు అప్పగించినవాళ్లు, తెలియక రానివాళ్లు, అందరినీ ఒక్క మాటతో దోషుల్ని చేస్తుంది అది. వాళ్ల పిల్లలు బడికెళ్తారు, ఆ పేజీ వాళ్ల స్నేహితుల ఫోన్లలోనూ తెరుచుకుంటుంది.

గౌరవం అంటే మనిషి ఆనవాలే లేకుండా చేయడం కాదని నెదర్లాండ్స్‌లో కొందరు కవులు చూపించారు. 2001లో గ్రోనింగెన్‌లో, ఆ మరుసటి ఏడు ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలైంది అది. ఎవరూ రాని అంత్యక్రియలకి ఒక కవి వెళ్తాడు. పోయిన మనిషి గురించి దొరికిన నాలుగు వివరాలతో, ఆ మనిషి కోసమే రాసిన కవిత అక్కడ చదువుతాడు. మీరు కవుల్ని పిలవక్కర్లేదు. పక్కింటివాళ్లకి టైము చెప్పి, పేరు ఒకసారి పైకి చదివితే చాలు. పేరు పలకాల్సిన చోటు అది.

ఇంకా ముందే చేయగలిగిన పని ఒకటుంది. జపాన్‌లోని యొకోసుకా నగరపాలక సంస్థ 2015 నుంచి, ఒంటరిగా, తక్కువ ఆదాయంతో ఉన్న వృద్ధులతో బతికుండగానే మాట్లాడి, అంత్యక్రియలు ఎలా కావాలో రాసిపెట్టుకుంటోంది. 2018 నుంచి ఎవరికి కబురు చెప్పాలి లాంటి వివరాలు కూడా నమోదు చేసుకోవచ్చు అక్కడ. పింఛను కోసమో ఆసుపత్రి కార్డు కోసమో మీ దగ్గరికి వచ్చే ఒంటరి మనుషుల్ని మీరూ అడగొచ్చు. నీకేమైనా అయితే ఎవరికి ఫోన్ చేయాలమ్మా, ఎవరికి చెప్పొద్దమ్మా అని. ఆ రెండో ప్రశ్న కూడా అడగండి. ఇంట్లో కొట్టే భర్త నుంచి పారిపోయి వచ్చి, అడ్రసు తెలియకుండా ముప్పై ఏళ్లు బతికినవాళ్లు కూడా మీ పట్టికల్లో ఉంటారు.

ప్రస్తుతానికి ఒక్క పని చేయండి. ఆ పేజీలో ఫోటో ఇంకా ఉంది. నిన్న రాత్రి కూడా చూశాను, కింద ఎవరో దండం పెట్టే బొమ్మలు పెడుతున్నారు. దాన్ని, మిగతావాళ్లందరి ఫోటోలని తీయించండి. ఉద్యోగుల ఫోన్లలోవి చెరిపించండి. కొలతల పుస్తకం నా దగ్గరుంది, దారం చుట్టి బీరువాలో పెట్టాను, మళ్లీ తెరవలేదు. వస్తువుల జాబితా రాసే అధికారి ఎవరో చెబితే తీసుకొచ్చి అప్పగిస్తాను, కాకపోతే తమ్ముడికి పంపే ఏర్పాటు చేస్తామంటేనే. ఆవిడ రిజిస్టర్ నంబరు కూడా అప్పుడే చేతికిస్తాను.

ఇట్లు,
పై పోర్షన్‌లో ఉండే ఆవిడ